గేటేశ్వర్రావు గారు

ఉదయం ఎనిమిదింటికి హైదరాబాదులో ఏ కాలనీ స్కూలు ముందైనా గేటేశ్వర్రావు గారు దర్శనమిస్తారు. కూకట్‌పల్లిలో ఆయన కారు తెల్లగా ఉంటుంది, మలక్‌పేటలో నల్లగా ఉంటుంది. వ్రతం మాత్రం ఒక్కటే: బిడ్డ పాదం మోపితే స్కూలు గేటు ముందే మోపాలి, అంతకు పది గజాల ఇవతల కూడా మోపకూడదు. ముందు ఇరవై కార్లున్నా, ఆటో అడ్డం తిరిగినా, సెక్యూరిటీ గార్డు విజిల్ ఊది ఊది అలిసిపోయినా ఆ వ్రతానికి భంగం లేదు. రోడ్డు మధ్యన బండి ఆపి హజార్డ్ లైట్లు వేస్తారు. ఆ దీపాలు మిణుకుమన్నంతసేపూ చట్టాలన్నీ సెలవులో ఉంటాయని ఆయన నమ్మకం. వెనక హారన్లు మోగితే అద్దం దించి "ఒక్క నిమిషమండీ, పాప దిగుతోంది" అంటారు. పాప దిగుతుంది, బ్యాగు దిగుతుంది, లంచ్ బ్యాగు దిగుతుంది, ప్రాజెక్టు కోసం థర్మోకోల్‌తో చేసిన సౌరకుటుంబం ఒక్కొక్క గ్రహంగా దిగుతుంది. శ్రీమతి గారి వంతు వచ్చిన రోజు ఇదే వ్రతం స్కూటీ మీద నడుస్తుంది. చిన్నవాడు ముందు నిలబడతాడు, పెద్దది వెనక కూర్చుంటుంది. ఆవిడ నెత్తిన హెల్మెట్, పిల్లల నెత్తిన కొబ్బరినూనె. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం అంటుంది. నడిపేవారు కాక ఇంకొక్కరే ఎక్కాలనీ అంటుంది. పాపం, చట్టానికి బెల్లు టైము తెలియదు.

ఎందుకిదంతా అంటే ఆయన దగ్గర ఒకే జవాబుంది: "బయట ట్రాఫిక్ చూశారా? పిల్లల్ని ఎలా నడిపిస్తామండీ?" ఈ భయం వట్టిది కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే, అంటే ఐదుగురిలో దాదాపు ఒకరు. అయితే అదే లెక్కలో ద్విచక్ర వాహనాల మీద పోయినవారు 75 వేలకు దగ్గరగా ఉన్నారు. స్కూటీ ఎక్కించినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. అసలు చిక్కు మరోచోట ఉంది. గేటేశ్వర్రావు గారు చూసి భయపడే ఆ ట్రాఫిక్‌లో ఉన్నదెవరు? ముందున్న కారు ఆయనదే, వెనకున్నదీ ఆయనదే, రాంగ్ రూట్లో దూసుకొచ్చి బంపరుకు బంపరు ఆనించి నిలబడ్డదీ ఆయనే. ఒక్కొక్క తండ్రి తన బిడ్డను మిగతా తండ్రుల నుంచి కాపాడుకోవడానికి ఇంకో కారు తెస్తున్నాడు. ఆ కార్ల సందుల్లోంచి దాటాల్సింది ఎవరంటే, పక్క బస్తీ నుంచి నడిచొచ్చే పిల్ల. ఆమెకు హజార్డ్ లైట్లు లేవు.

"ఫుట్‌పాత్ ఏదీ?" అని ఆయన ఎదురడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఉన్న ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కన టిఫిన్ బండి, ఆ పక్కన ఎవరిదో అపార్ట్‌మెంట్ ర్యాంపు. కాలినడకన పోయేవారికి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. మరి ఆ హక్కు అడిగిందెవరు? స్కూలు వాట్సాప్ గ్రూపులో గేటేశ్వర్రావు గారు యాన్యువల్ డే డ్రెస్సు రంగు మీద అర్ధరాత్రి దాకా పోరాడగలరు. గేటు ముందు జీబ్రా గీతలు వేయమనీ, స్పీడ్ బ్రేకర్ కట్టమనీ జీహెచ్ఎంసీకి ఒక్క అర్జీ పెట్టరు. నడవని మనిషికి ఫుట్‌పాత్ లేని లోటు తెలియదు, తెలియదు గనుక అడగడు, అడగడు గనుక అది రాదు. నెదర్లాండ్స్ పేరెత్తితే "అది వేరే దేశమండీ" అని నవ్వేస్తారు. అక్కడా 1971 ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. తల్లిదండ్రులు రోడ్డెక్కి పోరాడాకే పిల్లలు సైకిలెక్కే వీధులు వచ్చాయి. అంతకుముందు వాళ్లూ గేటేశ్వర్రావులే.

"స్కూలు పన్నెండు కిలోమీటర్లు" అన్నది రెండో వాదన. విద్యాహక్కు నిబంధనలు ప్రాథమిక బడి కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలంటాయి. మధ్యలో ఎన్నో బడులు దాటుకుని ఆ పన్నెండు కిలోమీటర్లు ఎంచుకున్నది ఆయనే. సరే, ఎంచుకున్నారు, అంత దూరం ఎవరూ నడవమనరు. దానికే స్కూలు బస్సుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు సిటీ బస్సు కూడా ఉచితమే. కారే కావాలన్నా చివరి మూడు వందల మీటర్ల ఇవతల దింపి నడిపించవచ్చు. వీధి కుక్కలున్నాయంటారు, ఉన్న మాట నిజమే. అందుకే ఒంటరిగా కాదు, కాలనీ పిల్లలు పదిమందిని కలిపి, వెంట ఒక తాతగారిని పంపమనడం. ఆ వయసు వారికి వాకింగ్ ఎలాగూ డాక్టరు రాసిచ్చిందే.

ఆదివారం మాత్రం ఈయన వేరే మనిషి. వేలు పోసి కొన్న సైకిల్ని కారు వెనక కట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డుకు బయలుదేరతారు. అక్కడ 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, పైన సౌర ఫలకాల నీడ కూడా. ఆయన తొక్కుతారు, సెల్ఫీ పెడతారు, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు రాస్తారు. కొడుకు సైకిల్ మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్లో గాలి పోయి పడి ఉంటుంది, ఎందుకంటే వీధిలో తొక్కడం ప్రమాదం. అలా పదేళ్లపాటు లోకాన్ని కారు అద్దంలోంచే చూసిన పిల్లవాడు పదో తరగతికొస్తాడు. రోడ్డు దాటేటప్పుడు ఎటు చూడాలో వాడికి ఎవరూ నేర్పలేదు. అప్పుడు గేటేశ్వర్రావు గారు ట్యూషన్‌కి దింపలేక విసిగి, స్కూటీ తాళం చేతిలో పెడతారు. మోటారు వాహనాల చట్టంలో 199ఏ అనే సెక్షన్ సరిగ్గా ఆ రోజు కోసమే రాసినట్టుంటుంది: 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఆ జరిమానా, ఆ జైలు మాత్రం తాళం ఇచ్చిన పెద్దమనిషివి.