నేను మిర్చి యార్డు రౌటర్‌ని

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్టు గోడకి, దేవుడి పటం పక్కన నన్ను బిగించారు. సీజన్లో తేజ, 334 అనే రకాల మిర్చి టిక్కీలు దిగుతుంటే లేచే ఎర్రదుమ్మంతా నా గాలి రంధ్రాల్లో చేరుతుంది. గుమాస్తా కుర్రాడు రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడుస్తాడు.

మనుషులకు పేర్లు గుర్తుంటాయి, మిషన్లకు అంకెలు కావాలి. మీరు సైటు పేరు కొట్టగానే దాని అంకెల అడ్రసు నేను డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగి తెలుసుకోవాలి. ఒకప్పుడు ఈ అడ్రసులన్నీ ఒకే ఫైల్లో ఉండేవట. 1983లో పాల్ మాకపెట్రిస్ డీఎన్ఎస్ అనే ఈ కొత్త ఏర్పాటు రూపొందించాడు. నన్ను బిగించినప్పుడు నెట్ కంపెనీ వాళ్లు తమ సర్వర్నే అడగమని నాలో రాసిపెట్టి వెళ్లారు.

యార్డు నిండా సరుకున్న రోజుల్లో ఓ ఉదయం ధరల సైటు తెరుచుకోలేదు.

"నెట్ పోయిందా అబ్బాయ్?" అన్నాడు సరుకు తెచ్చిన రైతు.

"వాట్సాప్ వస్తోంది బాబాయ్. ఆ సైటే రావట్లేదు."

నన్ను ఆపి మళ్లీ వేశాడు. లాభం లేదు. సైటు కొత్త సర్వర్‌కి మారింది, కంపెనీ సర్వర్ మాత్రం తన దగ్గర దాచుకున్న పాత అడ్రసే చెబుతోంది. నేనెన్నిసార్లు అడిగినా అదే జవాబు. పంట అమ్ముకోవడానికొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, లైట్లన్నీ వెలిగించుకుని కూడా ఏమీ చేయలేకపోవడం నరకం.

కుర్రాడికి డీఎన్ఎస్ మీద అనుమానం వచ్చింది. 192.168.1.1 కొట్టి నా సెట్టింగుల్లోకి వచ్చాడు. పాత అంకెలు చిట్టాలో రాసుకుని, డీఎన్ఎస్ గళ్లలో 8.8.8.8, 1.1.1.1 ఎక్కించాడు. మొదటిది 2009లో గూగుల్ పెట్టింది, రెండోది 2018లో క్లౌడ్‌ఫ్లేర్ పెట్టింది. రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నా లైట్లు ఓసారి ఆరి వెలిగాయి, సైటు తెరుచుకుంది. రైతు రేటు చూసుకుని అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

అసలు సైటే పడిపోతే ఈ మార్పు పనిచేయదు. పైగా మీరు ఏయే సైట్లకు వెళ్తున్నారో అడ్రసు చెప్పేవాడికి తెలుస్తుంది, అందుకే నమ్మకమైనవాళ్లనే అడగాలి. డీఎన్ఎస్ చేంజర్ అనే వైరస్ లక్షల కంప్యూటర్లలో ఈ అంకెలే మార్చి, జనాన్ని దొంగ సైట్లకు మళ్లించింది. దాన్ని నడిపిన ముఠా 2011లో దొరికింది.

ఒక్క సైటే రాకపోతే నన్ను మార్చేయకండి, ముందు నాలోని డీఎన్ఎస్ గళ్లు చూడండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన అంకెలు మాత్రం నాలో ఎక్కించకండి.