ఉన్నంత మాత్రాన దోషినా?

నేను కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాన్ని. మనుషుల కీళ్లలో, ముఖ్యంగా మోకాళ్లలో, మణికట్లలో, మీరు గుజ్జు అని పిలిచే మృదులాస్థి నా పుట్టిల్లు. నన్ను కన్నది మీ కణాలే. మృదులాస్థి కణాలు ఏటీపీ అనే శక్తి అణువును బయటికి వదులుతాయి. ఆ పనికి ఏఎన్‌కేహెచ్ అనే ప్రొటీను తోడ్పడుతుంది. బయట ఉన్న ఒక ఎంజైము ఆ ఏటీపీని తుంచి పైరోఫాస్ఫేట్ చేస్తుంది. ఈ పైరోఫాస్ఫేట్ చెడ్డదేమీ కాదు, గుజ్జు ఎముకలా గట్టిపడకుండా చూసేది అదే. దాన్ని విరిచే ఎంజైములూ శరీరంలో ఉన్నాయి, వాటికి మెగ్నీషియం కావాలి. తయారీ పెరిగినా, విరుపు తగ్గినా, మిగిలిపోయిన పైరోఫాస్ఫేట్ కాల్షియంతో జతకట్టి నేనవుతుంది. పాలు తాగితే పుడతాననీ, కాల్షియం మాత్రలు మానేస్తే కరుగుతాననీ అనుకునేవాళ్లు నా పేరు చూసి మోసపోతున్నారు. నేనున్న చాలామందిలో రక్తంలోని కాల్షియం మామూలుగానే ఉంటుంది. డాక్టరు రాసిన మాత్రలు సొంతంగా మానేస్తే నాకు పోయేదేమీ లేదు, ఎముకలకే నష్టం.

చాలాకాలం నాకు సొంత పేరు లేదు, యూరేట్ అనే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లను వాపెక్కించే గౌట్ జబ్బు ఖాతాలోనే జమ అయ్యాను. 1961లో అమెరికాలో డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హొలాండర్ గౌట్ రోగుల కీలు నీటిని పోలరైజ్డ్ కాంతి మైక్రోస్కోపు కింద పెట్టి యూరేట్ సూదులను చూపించారు. అదే పద్ధతిలో వెతికితే కొందరి కీళ్లలో వేరే రకం స్ఫటికాలు బయటపడ్డాయి. వాపు గౌట్‌ను పోలి ఉంది, స్ఫటికం మాత్రం యూరేట్ కాదు. 1962లో మెకార్టీ బృందం ఆ జబ్బుకు సూడోగౌట్ అని పేరు పెట్టింది. యూరేట్ పొడవాటి సూది, ఆ కాంతిలో జిగేల్మంటుంది. నేను పొట్టి పలకను, నాది మసక మెరుపు, ఒక్కోసారి అదీ ఉండదు. మైక్రోస్కోపులో అమర్చే కాంపెన్సేటర్ అనే పలక అక్షానికి సమాంతరంగా ఉన్నప్పుడు యూరేట్ పసుపుగా, నేను నీలంగా కనిపిస్తాం. బాధ ఒకేలా ఉన్నా కారకుడు వేరు కావచ్చనీ, తేల్చేది కీలు నీటి చుక్కేననీ అప్పుడే రుజువైంది. నా వాదనంతా ఆ చుక్క మీదే నడుస్తుంది.

ఎక్స్‌రేలో నేను గుజ్జు మధ్యన సన్నని తెల్ల గీతలా కనబడతాను. ఆ గీత చూసి నొప్పి మొత్తం నా నెత్తిన వేయడం న్యాయం కాదు. వయసు మళ్లినవారిలో ఏ నొప్పీ లేకుండానే నేనున్న కీళ్లు చాలా ఉంటాయి. గుజ్జులో ఇరుక్కుని ఉన్నంతకాలం నా జోలికి ఎవరూ రారు. ఏ దెబ్బో, శస్త్రచికిత్సో, తీవ్రమైన జబ్బో వచ్చాక కీలు నీటిలోకి రాలినప్పుడే గొడవ మొదలవుతుంది. రక్షక కణాలు నన్ను మింగుతాయి. వాటిలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ల కూటమి కదిలి వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను విడుదల చేయిస్తుంది. యూరేట్ కూడా ఇదే దారి తొక్కుతుందని 2006లో వెలువడిన పరిశోధన చూపించింది. మా ఇద్దరి వాపులూ కవల పిల్లల్లా ఉండడానికి కారణం అదే. గంటల్లో కీలు ఉబ్బి, వేడెక్కి, జ్వరం కూడా రావచ్చు. కనుక నేనున్నాననే సంగతి ఎక్స్‌రే చెబుతుంది, ఈ వాపు నా వల్లేనా అన్నది వాచిన కీలులోంచి తీసిన నీరు చెప్పాలి. అందులో నేను దొరికినా విచారణ అక్కడితో ముగించకూడదు. బాక్టీరియా గుజ్జును చెరిపినప్పుడూ నేను రాలిపడతాను. నన్ను చూశాం కదా అని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష మానేస్తే, అసలు శత్రువు తప్పించుకుని కీలును పాడుచేస్తాడు.

రక్తంలో యూరిక్ యాసిడ్ చూస్తే సరిపోదా అంటారు. అది ఎక్కువగా ఉన్నా గౌట్ రానివాళ్లు ఎందరో, గౌట్ వాపు ఎగసిన వేళే అది మామూలుగా కనబడటమూ ఉంది. సూది గుచ్చడం భయం కదా అని రెండో మాట. ఆ సూదే నిండిన నీటిని తీసి బిగువు తగ్గిస్తుంది, అవసరమైతే స్టెరాయిడ్ మందునూ లోపలికి చేరుస్తుంది. చిన్న ఊళ్లలో పోలరైజ్డ్ మైక్రోస్కోపు దొరకదన్నది నిజమైన ఇబ్బందే. అలవాటైన కంటికి మామూలు మైక్రోస్కోపులోనూ నేను చిక్కవచ్చు. అల్ట్రాసౌండ్ కూడా ఆదుకుంటుంది. అందులో నేను గుజ్జు లోపల, యూరేట్ గుజ్జు పైపొర మీద కనబడతాం. నీటి చుక్క దొరకనిచోట ఇవి తోడు సాక్ష్యాలు. నీరు తీయగలిగినచోట దాన్ని వదిలేయడానికి మాత్రం ఇవి సాకులు కారాదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ మరొకటి. నన్ను కరిగించే మందే లేనప్పుడు నన్ను గుర్తించి ఏం లాభం? మందు లేదన్నది నిజం. వాపును అణచే మందులు మాత్రం ఉన్నాయి. 65 ఏళ్లు పైబడిన రోగులపై ఫ్రాన్స్‌లో జరిగి 2023లో వెలువడిన పరీక్షలో కాల్చిసిన్, ప్రెడ్నిసోన్ నొప్పి తగ్గించడంలో సమానంగా నిలిచాయి, విరేచనాలు కాల్చిసిన్‌తో ఎక్కువ. మూత్రపిండాలు బలహీనమైన వృద్ధులకు ఏది ఇవ్వాలో డాక్టరు ఆచితూచి ఎంచాలి. గుర్తించకపోతే జరిగేది పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. నా మీద ఏమాత్రం పనిచేయని యూరిక్ యాసిడ్ మందులను ఏళ్ల తరబడి మింగిస్తారు, లేదంటే అరుగుదల అని సరిపెడతారు. అరుగుదలా నేనూ తరచు కలిసే ఉంటాం, ఎవరు ముందు వచ్చారో ప్రతిసారీ విడదీయలేం. అయితే మామూలుగా అరగని మణికట్టు, మోచెయ్యి, చూపుడువేలి మొదట్లోని కణుపు అరిగితే నన్ను అనుమానించడం తెలివైన పని. అరవై నిండకముందే నేను దొరికితే వెనకాల ఇంకేదో ఉందేమో వెతకాలి. పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, శరీరంలో ఇనుము పేరుకుపోవడం, మెగ్నీషియం తగ్గడం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము లోపించడం ఆ జాబితాలోవి. వీటికి చికిత్స ఉంది, నేను ఇచ్చిన ఆచూకీతోనే అవి బయటపడవచ్చు.

నా వాదనకూ హద్దు ఉంది, దాన్ని మా జ్ఞాతి చూపిస్తాడు. ఎముకలోని ఖనిజానికి దగ్గరివాడైన బేసిక్ కాల్షియం ఫాస్ఫేట్ మరీ సూక్ష్మం, పోలరైజ్డ్ కాంతికి చిక్కడు. 1981లో మెకార్టీ బృందం వర్ణించిన మిల్వాకీ భుజం జబ్బులో, వృద్ధుల భుజాన్ని కూలదోసే ఆ వాపులో, వాడి హస్తం ఉంది. అలిజరిన్ రెడ్ రంగు వేస్తే జాడ తెలుస్తుంది గానీ అదీ పక్కా రుజువు కాదు. అంటే స్ఫటికం కనబడినంత మాత్రాన దోషం రుజువు కాదు, కనబడనంత మాత్రాన లేదనీ తేలదు. రోగి కథ, కీలు నీరు, కల్చర్, చిత్రాలు కలిపి చదివినప్పుడే తీర్పు నిలుస్తుంది. ఒక్కసారిగా వాచి వేడెక్కిన పెద్దవారి మోకాలికి అరుగుదల అని పేరు పెట్టి ఇంటికి పంపే ముందు, ఆ నీరు తీసి చూడమన్నదే నా విన్నపం. నేను దొరికితే తగిన మందు ఇవ్వండి. నాతోపాటు క్రిమి దొరికితే ముందు దాని పని పట్టండి.