పేరా గొప్ప, ఊరు దిబ్బ

వ్యాసరచన గైడులు పేరాలను నాలుగు జాతులుగా విడగొట్టాయి: కథనం, వర్ణన, వివరణ, వాదన. ఈ చాతుర్వర్ణ్యం ఎవరు సృష్టించారో గానీ తెలుగునాట అది ఎప్పుడో సంకరమైపోయింది. ఇక్కడ చలామణిలో ఉన్న పేరాలు రెండే రెండు రకాలు. అందరిచేతా చదివించేది ఒకటి, అందులో ఏమీ ఉండదు. ఎవరి కంటా పడకుండా చూసుకునేది రెండోది, ఉన్నదంతా అందులోనే ఉంటుంది.

తాటాకుల కాలంలో ఈ బెడద లేదు. గంటం పట్టినవాడికి ఆకు విలువా తెలుసు, వేళ్ల నొప్పీ తెలుసు. మాటకూ మాటకూ మధ్యనే చోటు వదిలేవాడు కాదు, ఇక పేరాకూ పేరాకూ మధ్య వదులుతాడా? ఒక నిలువు గీత, మరీ అవసరమైతే రెండు, అంతే. కాగితం చవకయ్యాక ఖాళీ వచ్చింది. ఆ ఖాళీకి శాస్త్రం చెప్పినవాడు అబర్డీన్ ప్రొఫెసరు అలెగ్జాండర్ బెయిన్. 1866లో ఇంగ్లీషు రచన మీద పుస్తకం వేస్తూ పేరాకు కట్టుబాట్లు పెట్టాడు. పేరాకు ఒకటే విషయం ఉండాలి, అదేమిటో మొదట్లోనే తెలియాలి, మిగతా వాక్యాలు దాన్ని వదిలి పక్కదారి పట్టకూడదు. పాపం, ఎంత ఆలోచించినా విషయమే లేని పేరా ఆయన ఊహకు అందలేదు. దాన్ని కనిపెట్టి, పెంచి పోషించి, పదో తరగతి పరీక్షలో దానికి మార్కులు కూడా వేయించిన ఘనత మనది.

అనుమానముంటే ఏ జవాబు పత్రమైనా తిరగేయండి. "మానవుడు సంఘజీవి. నేటి ఆధునిక యుగంలో శాస్త్ర సాంకేతిక రంగాలు శరవేగంగా దూసుకుపోతున్నాయి. ఈ నేపథ్యంలో గ్రంథాలయాల ప్రాముఖ్యం అంతా ఇంతా కాదు." గ్రంథాలయాలు తీసేసి చెట్ల పెంపకం పెట్టండి, అతుకుతుంది. దూరదర్శన్ పెట్టండి, ఇంకా బాగా అతుకుతుంది. కంగారులో ఏ కుర్రాడో వరకట్నం అని పెట్టినా పేరా తొణకదు, బెణకదు. దానికీ అంతా ఇంతా కాని ప్రాముఖ్యం వచ్చేస్తుంది. దీని పేరు ఉపోద్ఘాతం, దీని కింద రెండు గీతలు. అట్టడుగున ఉపసంహారం: కావున ప్రభుత్వమూ ప్రజలూ స్వచ్ఛంద సంస్థలూ చేయీ చేయీ కలిపితేనే ఫలానాది సాధ్యమవుతుంది. ఈ రెండింటి మధ్య ఏం రాయాలని అడిగిన పిల్లవాడికి ట్యూషన్ మాస్టారు చెప్పే రహస్యం: "దిద్దేవాళ్లు హెడ్డింగులే చూస్తార్రా, నువ్వు పేజీ నింపు."

ఆ పిల్లలు ఊరికే పోలేదు. పెద్దవాళ్లై మండల విలేకరులయ్యారు, సెక్షన్ ఆఫీసర్లయ్యారు, సంపాదకీయాలు రాస్తున్నారు, కొందరు వెంచర్లు వేశారు.

వెంచరు వాళ్లతో మొదలుపెడదాం, ఎందుకంటే వర్ణన అనే కళను ఇవాళ బతికిస్తున్నది వాళ్లే. మహాకావ్యంలో నగరం ఉండాలి, కొండ ఉండాలి, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానం, జలక్రీడ, మధుపానం ఉండాలని దండి కావ్యాదర్శంలో పట్టీ ఇచ్చాడు. పద్దెనిమిది వర్ణనలు లేకపోతే ప్రబంధకవికి నిద్ర పట్టేది కాదు. కవులు ఈ పని మానేసి చాలాకాలమైంది. బ్రోచర్లు అందుకున్నాయి. ప్రవేశద్వారం దగ్గర పురవర్ణన, పామ్ చెట్ల వరుసలో ఉద్యానం, ఈతకొలనులో జలక్రీడ, క్లబ్‌హౌసులో మిగతాది. టెర్రస్ మీద చంద్రోదయం ఉచితం. వంద శాతం వాస్తు, కూతవేటు దూరంలో రింగు రోడ్డు, ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఏ వాహనం మీదో, తెల్లవారుజామున ఎన్ని గంటలకో అడక్కండి. ఆ వర్ణనంతా అయ్యాక పేజీ అంచున, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో పేరా ఉంటుంది: చిత్రాలు ఊహాజనితం, కొలతలు మారవచ్చు, తుది నిర్ణయం సంస్థదే. దండికి తెలియని పంతొమ్మిదో వర్ణన అదే. ఇల్లు కట్టేది ఆ పేరాలోనే. 2016లో రెరా చట్టం వచ్చాక, ప్రకటనలో చెప్పినదాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి పరిహారం అడిగే హక్కు వచ్చింది. వర్ణన ఆగలేదు సరికదా, చీమ తలకాయ మరికాస్త చిన్నదైంది.

కథనం సంగతి మండల విలేకరిని అడగాలి. వార్తకు తలకిందుల పిరమిడ్ అనే సూత్రం ఒకటుంది. ముఖ్యమైనది మొదటి పేరాలో, అంతకంటే తక్కువది రెండోదానిలో, అలా దిగుతూ పోవాలి. చోటు చాలకపోతే సబ్ఎడిటర్ అడుగు నుంచి కత్తిరిస్తాడు, వార్తకు నష్టం ఉండదు. మన బస్టాండు సెంటర్లో చలివేంద్రం పెట్టారనుకోండి. మొదటి పేరాలో రిబ్బను కత్తిరించినవారు. రెండో పేరాలో, దాహం తీర్చడాన్ని మించిన పుణ్యం లేదని వారు అన్నారు. మూడో పేరాలో ఎంపీటీసీ, మాజీ ఎంపీటీసీ, సొసైటీ డైరెక్టరు, గ్రామ శాఖ అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, ఇద్దరు వార్డు సభ్యులు తదితరులు పాల్గొన్నారు. కత్తెర పట్టుకున్న సబ్ఎడిటరుకు ఇక్కడే చెమట పడుతుంది. మొదటి పేరా కోస్తే ఎవరూ అడగరు. రెండోది కోస్తే వక్తకే తెలియదు. మూడోది కోస్తే తెల్లారకముందే విలేకరి ఫోను మోగుతుంది: "ఏం తమ్మీ, మేం తదితరుల్లో కలిసిపోయినమా?" అందులో ఉన్న ఒక్కో పేరూ ఒక్కో చందా, పండగకో పుట్టినరోజుకో వచ్చే ఒక్కో ప్రకటన. విలేకరికి జీతం కంటే ప్రకటనల టార్గెట్ ముందు గుర్తొచ్చే చోట అంతకంటే ఏం ఆశిస్తాం? మన పిరమిడ్ అడుగు మీదే నిలబడి ఉంది, మనమే తలకిందులుగా చూస్తున్నాం. అన్నట్టు చలివేంద్రంలో కుండలెన్ని, రేపు నీళ్లు పోసేదెవరు? అది ఏ పేరాలోనూ లేదు. ఫొటోలో కుండల ముందు జనం నిలబడ్డారు కాబట్టి లెక్కపెట్టడానికీ వీల్లేదు.

నేరవార్త అయితే ఇంకా తేలిక. చివరి పేరా ముందే సిద్ధంగా ఉంటుంది: పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారు. ఈ పేరా తర్వాత ఏమైందో చెప్పిన రెండో వార్త చూసినవాళ్లుంటే అదృష్టవంతులు.

వాదన మీద ఎక్కువ కాలం వృథా చేయనక్కర్లేదు. సంపాదకీయం ఆఖరి పేరాలో ప్రభుత్వం ఇకనైనా మేల్కొనాలి. కరవు వచ్చినా, కాలువ తెగినా, పేపరు లీకైనా మేల్కొనాలి. ఇన్నేళ్లుగా ఇన్నిసార్లు లేపినా లేవలేదంటే అది నిద్ర కాదేమోనన్న అనుమానం రాసేవారికి రాకపోవడం మాత్రం నిజంగా నిద్రే. ముందుమాటల సంగతి ఇంకా పొట్టి. మొదటి పేరాలో ముందుమాట రాసినాయన తన బాల్యం చెబుతాడు, చివరి పేరాలో ఈ యువకవి మరిన్ని సంపుటాలు వెలువరించాలని దీవిస్తాడు, మధ్యలో పుస్తకం చదవనక్కర్లేకుండా దొరికే రెండు పద్యపాదాలు.

ఈమధ్య ఒంటి వాక్యం పేరాలు బయల్దేరాయి.

ఇలా.

ఊపిరాడనివ్వడానికట. పానుగంటివారి సాక్షి వ్యాసాల్లో జంఘాలశాస్త్రి వేదిక ఎక్కితే ఒకే ఊపున పేజీల పొడుగునా దులిపేసేవాడు, పాఠకుడికి ఊపిరి సంగతే గుర్తొచ్చేది కాదు. చెప్పడానికి సరుకున్నవాడు పేరా ఎక్కడ విరిచినా చెల్లుతుంది. లేనివాడు ఎంటర్ కీ మీద బతుకుతాడు.

ఇక ఎవరి కంటా పడని రెండో రకానికి వద్దాం. ఏదైనా జీవో చేతిలోకి తీసుకోండి. పైన, చదివిన కాగితాల పట్టీ. తర్వాత మొదటి పేరాలో ఒకటో కాగితంలో ఏముందో, రెండో పేరాలో రెండో కాగితంలో ఏముందో. ఆపైన, ప్రభుత్వం ఈ విషయాన్ని క్షుణ్ణంగా పరిశీలించిన మీదట ఇందుమూలంగా ఉత్తర్వు ఇవ్వడమైనది. నెల తిరగకుండా దాన్ని రద్దు చేసే జీవోలోనూ అంతే క్షుణ్ణంగా పరిశీలించే ఉంటుంది. కింద గవర్నరు గారి ఉత్తర్వు మేరకు, వారి పేరిట. అనుభవమున్న సీనియర్ అసిస్టెంటు ఇవేవీ చదవడు. అతని వేలు సరాసరి అడుగున ఉన్న బుల్లి పేరా మీదికి పోతుంది: ఆర్థిక శాఖ సమ్మతితో ఈ ఉత్తర్వు జారీ అయినది, యూఓ నంబరు ఇంత. ఆ నంబరుంటే డబ్బుంది. లేకపోతే పై పేరాలన్నీ శుభాకాంక్షలే, బిల్లు ట్రెజరీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇలాంటి పేరాలో ఒక ముక్క చాలు, రాష్ట్రాలు కదిలిపోవడానికి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణ కల్పించాయి. పై పేరాల్లో జోన్లు, కేడర్లు, వాటాలు. 14వ పేరాలో మాత్రం, ఇవేవీ వర్తించని కొలువుల పట్టీ. ఆ పట్టీలో (ఎఫ్) దగ్గర, 1348 ఫసలీ నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టంలో చెప్పిన పోలీసు అధికారుల కొలువులు. నిజాం కాలపు చట్టం, ఫసలీ లెక్కల సంవత్సరం, ఎవరికి పట్టింది? ముప్పై నాలుగేళ్లు అది అక్కడే కూర్చుంది. 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్నిబట్టే పోలీసు కొలువులకు హైదరాబాద్ ఫ్రీజోన్ అని చెప్పేసరికి, అప్పటిదాకా వినని 14ఎఫ్ పేరు వీధివీధినా మోగింది. అదే నెలలో సిద్దిపేటలో ఉద్యోగ గర్జన, నవంబరు 29న తెలంగాణ కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9 రాత్రి రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ ప్రకటన. ఒక్క 14ఎఫ్ వల్లే తెలంగాణ వచ్చిందంటే దశాబ్దాల ఉద్యమాన్ని అవమానించినట్టే. కానీ ఆ శీతాకాలంలో నిప్పు రాజుకున్నది ఆ అరపేరా దగ్గరే. 2011లో కేంద్రం దాన్ని తీసేసింది. అప్పటికి అడుగుతున్నది పేరా సవరణ కాదు.

ఈలోగా తెలంగాణ సంగతి తేల్చడానికి వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక వచ్చింది. 2010 డిసెంబరు 30న ఇచ్చారు. ఆరు మార్గాలు చూపించి, రెండు ప్రాంతాల లెక్కలూ పట్టికలూ గుట్టలుగా పోశారు. టీవీల్లో వారాల తరబడి చదివి వినిపించారు. ఎనిమిదో అధ్యాయం మాత్రం సీలు కవరులో పెట్టి హోంశాఖకు ఇచ్చారు. ఎవరి కంటా పడనివ్వకూడదనుకున్నప్పుడు పేరా చాలదు, అధ్యాయమే కావాలి.

ఈ రెండు రకాల పేరాలూ రాజ్యాంగంలోనూ ఉన్నాయి. పదో షెడ్యూలు చూడండి, 1985లో 52వ సవరణతో చేర్చారు. ఫిరాయింపుల నిషేధం అని అందరికీ తెలిసినది దాని రెండో పేరా. పార్టీ వదిలితే సభ్యత్వం పోతుంది. ఉపన్యాసాలకు, ఉపోద్ఘాతాలకు పనికొచ్చే పేరా అదే. మూడో పేరాలో, మూడింట ఒక వంతు మంది చీలితే తప్పు లేదు అని ఉండేది. అది మరీ చవకబేరమైపోయిందని 2003లో 91వ సవరణతో కొట్టేశారు. నాలుగో పేరా మిగిలింది. ఒక్కడు గోడ దూకితే ఫిరాయింపు, మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని దూకితే విలీనం. మన నాయకులకు లెక్కలు రావని ఎవరైనా అంటే 2019 జూను నెల చూపించండి. తెలంగాణలో కాంగ్రెస్ గెలిచింది 19. ఒకరు లోక్‌సభకు ఎన్నికై రాజీనామా చేశాక 18. టీఆర్ఎస్‌లో విలీనమైంది సరిగ్గా 12. అదే నెలలో రాజ్యసభలో తెలుగుదేశానికి ఆరుగురుంటే బీజేపీలో చేరింది సరిగ్గా నలుగురు. ఒకరు ఎక్కువా లేదు, ఒకరు తక్కువా లేదు. ఒక పేరాను ఇంత శ్రద్ధగా చదివిన విద్యార్థులు మన రెండు రాష్ట్రాల్లో మరెక్కడా దొరకరు.

రెండొంతులు కుదరనివాళ్లకు ఆరో పేరా ఉంది. అనర్హత సంగతి తేల్చేది స్పీకరు, ఆయన మాటే తుది అని అందులో ఉంది. ఆ తుది ఎప్పుడో అందులో లేదు. కారు గుర్తు మీద గెలిచి కాంగ్రెస్ చెయ్యి పట్టుకున్నారన్న ఫిర్యాదు మీద పదిమంది తెలంగాణ ఎమ్మెల్యేల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో ఆ కోర్టు స్పీకరుకు చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు కొందరు టీఆర్ఎస్ కారు ఎక్కినప్పుడు ఇదే పేరా గురించి గగ్గోలు పెట్టిన పార్టీ వేరు, ఈసారి పెట్టిన పార్టీ వేరు. గడువు ఇంత అని ఒక ముక్క ఆ పేరాలో చేర్చడానికి ఢిల్లీలో ఏ ప్రభుత్వానికీ ఇంతవరకూ చెయ్యి రాలేదు. ప్రతి పార్టీకీ ఏదో ఒక రాష్ట్రంలో ఆ ఖాళీతో పని పడుతూనే ఉంది.