చింతపండు చిన్నాయన

మా చిన్నాయన ఎవరింటికి పోయినా ముందు మనుషుల మొహం చూడడు, దేవుని గూడు వైపు చూస్తాడు. కుందె నల్లబడి కనిపించిందా, ఇచ్చిన కాఫీ గొంతు దిగదు. "ఏమమ్మా, ఇంట్లో చింతపండు ఉండాదా?" అంటాడు. ఆ ఇల్లాలు పాపం, పెద్దాయన చారు అడుగుతున్నాడనుకొని, "యాల లేదు మామా, ఉండి బోంచేసి పో" అంటుంది. భోజనం సంగతి దేవుడెరుగు, కాసేపటికి ఆమె పూజ సామానంతా పెరట్లోకి చేరుతుంది.

ఇట్లాంటి మనిషి ప్రతి వంశంలోనూ ఒకడుంటాడు. రిటైరైనాక కొందరికి భక్తి పుడుతుంది, కొందరికి రాజకీయం పుడుతుంది, ఇంకొందరు పొద్దున్నే ఉగ్గాని బజ్జి తిని అరుగు పట్టుకుంటారు. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పత్తి లెక్కలు రాసి రాసి బయటపడిన మా చిన్నాయనకు మాత్రం రసాయన శాస్త్రం పుట్టింది. మిల్లుకు పోయినన్నాళ్ళు మంచినీళ్ళ చెంబు కూడా తన చేత్తో ముంచుకోని మనిషి, ఇప్పుడు చెంబు కనిపిస్తే చాలు, బోర్లించి అడుగు చూస్తాడు. ఒకప్పుడు పత్తిని గుప్పిట్లో పట్టి తేమ ఎంతుందో చెప్పేవాడు. అదే చేత్తో ఇప్పుడు ఇత్తడి మీద బొటనవేలు రాసి, అది ఎన్ని పండగలకు తోమలేదో చెబుతాడు.

పని వంతులు మాత్రం పాత పద్ధతే. సిద్ధాంతం ఆయనది, తోమేది చిన్నమ్మ.

సిద్ధాంతంలో వంక పెట్టడానికి లేదు, అదే మా బాధ. రాగి గానీ ఇత్తడి గానీ గాలికీ తేమకూ నల్లబడితే పైన పట్టేది ఎక్కువగా ఆక్సైడు పొర. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పుల్లమజ్జిగలో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం ఉంటాయి. ఏదైనా సరే ఆ పొరను కరిగించి నీళ్ళలోకి దింపుతుంది, అడుగున ఉన్న లోహం జోలికి అంత తొందరగా పోదు. చిటికెడు ఉప్పు తోడైతే పని ఇంకా వేగం. మన అవ్వలకు ఈ పేర్లేవీ తెలియవు గానీ పని తెలుసు. చారుకు పిసికిన పిప్పిని పారెయ్యకుండా దాచి, దానితోనే గంగాళాలు తళతళలాడించేవాళ్ళు. చిన్నాయనకు పిప్పి పనికిరాదు. కొత్త పండు కావాలి, గింజ తీసింది కావాలి. "వాడేసిన దాంట్లో పవర్ ఏముంటాది?" అంటాడు. సంతలో చింతపండు ధర చెప్పి చిన్నమ్మ తల కొట్టుకుంటుంది.

ఇంకో వింత ఉంది. నిమ్మరసం పిండి, దాని మీద వంటసోడా చల్లుతాడు. బుస్సుమని పొంగుతుంది. "చూడు, మురికి ఎట్ల పారిపోతాండాదో!" అని ఆయన మొహం కుందె కంటే ముందు వెలిగిపోతుంది. పారిపోయేది మురికి కాదు, కార్బన్ డయాక్సైడు. పులుపూ సోడా ఒకదాని బలం ఒకటి తీసేసుకున్నాక మిగిలేవి చప్పటి నీళ్ళు. పదో తరగతి చదివే మనవరాలు ఈ మాట నోట్సు చూపించి మరీ చెప్పింది. "మీ పుస్తకాల్లో నురగ గురించి రాయలేదులే" అని కొట్టిపారేశాడు.

మా ఆదోనిలో బోరునీళ్ళు వాడే ఇళ్ళలో కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టడం మామూలే. అది సున్నపు జాతి, పులుపుకు కరుగుతుంది. నిమ్మరసంలో తడిపిన గుడ్డ కుళాయికి చుట్టి కాసేపు ఉంచితే పెచ్చు ఊడి వస్తుంది. చిన్నాయన ఇంట్లో ఏ ఆదివారం పోయి చూసినా కుళాయిలన్నీ కట్లు కట్టించుకొని ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగుల్లా ఉంటాయి. చేతులు కడుక్కోవాలంటే ఏ కట్టు ముందు విప్పాలో ఆయన్నే అడగాలి. ఆ కట్లలోంచి కారిన రసం బేతంచెర్ల బండల మీద పడింది. ఆ నాపరాయి కూడా సున్నపురాయే గదా, నునుపు పోయి మచ్చలు తేలాయి. చిన్నమ్మ లబోదిబోమంటే, "తెల్లబడినాయి కదే, సంతోషపడక!" అన్నాడు.

న్యాయానికి ఒక మంచి మాట చెప్పాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ను మాత్రం గడప దాటనివ్వడు. వెనకింట్లో అద్దెకున్న పిల్ల ఒకసారి దానికి బ్లీచింగ్ పౌడర్ కలపబోతే కేకలేసి ఆపాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పిల్ల ఇప్పటికీ ఆయన్ను దేవుడంటుంది. చిన్నమ్మ ముందు ఆ మాట అనకపోతే బాగుండు.

ఇంగ నా సొంత తగాదాకు వస్తాను. మా అవ్వకు పెళ్ళిలో సారెగా వచ్చిన ఇత్తడి చెంబు ఒకటి మా ఇంట్లో ఉంది. దాని మెడ కింద అవ్వ పేరు చుక్కల అక్షరాలతో కొట్టించారు. అప్పట్లో సామాను మీద అట్ల పేర్లు వేయించుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ చుక్కల గుంటల్లో నలుపు చేరి, పసుప్పచ్చటి ఇత్తడి మీద పేరు సిరాతో రాసినట్లు కనిపించేది. మేము ఊళ్ళో లేని ఒక రాత్రి చిన్నాయన దాన్ని చింతపండు గుజ్జులో నిండా ముంచి నిద్రపోయాడు. పొద్దున్నే లేచి ఇటుకపొడితో తోమించాడు. గుంటల్లో నలుపంతా పోయింది, అంచులు అరిగాయి. చెంబు మెరుస్తోంది, అవ్వ పేరు మాత్రం వెలుతురుకు వాలుగా పట్టుకొని చూస్తే తప్ప కనిపించదు. పైగా అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన లోహం. పులుపులో గంటల కొద్దీ నానితే జింకు ముందు జారిపోతుంది, మిగిలిన రాగి ఎర్రగా బయటపడుతుంది. "చూసినావా, బంగారు రంగు తిరిగింది!" అన్నాడు చిన్నాయన. నేనేమీ అనలేదు. ఈ వ్యాసం రాస్తున్నాను.

కళాయి పాత్ర కథ ఇంకా ఘోరం. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాలి. తగరపు పూత లేకపోతే పులుపుకు రాగి కరిగి తిండిలో కలుస్తుంది, వాంతులు పట్టుకుంటాయి. చిన్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలో ఆ తెల్లటి పూత చూసి చిన్నాయన దాన్ని మురికి అనుకున్నాడు. పీచు పెట్టి, పసుపు రంగు తేలేదాకా వదల్లేదు. "ఇన్నేళ్ళూ ఇంత గబ్బులో వండినావా?" అని ఆమెనే అడిగాడు. కళాయి వేస్తామని వీధిలో కేకేస్తూ వచ్చే సాయిబులు ఇప్పుడు రారు. ఆ గిన్నెలో అప్పటినుంచి బియ్యం పోసి పెడుతున్నారు. అయినా ఆయన బుద్ధి మారిందా? రాగి సీసాలో నీళ్ళు తాగితే ఆరోగ్యమని ఎవరో చెబితే, ఇంకాస్త ఆరోగ్యం కోసం అందులో నిమ్మకాయ పిండబోయాడు. గిన్నెలో ఏం జరుగుతుందో సీసాలోనూ అదే జరుగుతుంది. చిన్నమ్మ సీసా లాక్కొని దాచింది.

చిన్నమ్మది ఎమ్మిగనూరు, నేతగాళ్ళ ఇల్లు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘానికి ఆమె నాయన మగ్గం నేసినాడు. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చిన ముచ్చట ఆ ఇంట్లో తమకే వచ్చినట్లు చెబుతారు. అట్లాంటి ఇంట్లో మా చిన్నాయన అత్తగారి పెళ్ళిచీర జరీ అంచు నల్లబడిందని కనిపెట్టి నిమ్మకాయ కోశాడు. జరీలో వెండి ఉంటుంది. వెండి మీద నలుపు గాలిలోని గంధకం వల్ల పట్టేది, నిమ్మకాయకు అది లొంగదు. చీర రంగు మాత్రం లొంగుతుంది. అత్తగారు మాట్లాడకుండా పోయి ట్రంకు పెట్టె మీద కూర్చుంది, అల్లుడు బస్సెక్కేదాకా లేవలేదు. మామగారు చేతులు జోడించి, "అల్లుడా, ఇత్తడి నీది, నేత మాది. దీని జోలికి రావద్దు" అన్నాడంట.

అయినా ఏటా జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎమ్మిగనూరు పోకుండా ఉండడు. అందరూ తేరు చూస్తుంటే ఆయన సామాన్ల అంగళ్ళ దగ్గర ఉంటాడు. ఒక ఏడు కొత్త దీపపు స్తంభం తెచ్చాడు. చింతపండు రాసినా రంగు మారదు, నిమ్మకాయ రుద్దినా మారదు. దాని మీద సన్నటి లక్కర్ పూత ఉంది. అది ఉన్నన్నాళ్ళు ఇత్తడికి గాలి తగలదు, నల్లబడదు, తోమే పనే ఉండదు. తోమే పని లేని ఇత్తడి చిన్నాయనకు ఎందుకు? ఉప్పుకాగితం పెట్టి పూతంతా గీకేశాడు. కొన్నాళ్ళకు స్తంభం నల్లబడింది. "ఇప్పుడు అసలు ఇత్తడి అనిపించుకుంది" అని ముచ్చటపడ్డాడు.

ఆయన నోరు మూతపడిన చోటు నాకు తెలిసి ఒక్కటే, పీర్ల చావిడి. మా వైపు పల్లెల్లో మొహర్రం వస్తే కులం మతం అని చూడకుండా అందరూ చావిడి దగ్గరే ఉంటారు. పీర్లను నిలబెట్టే ముందు చింతపండు పెట్టి తోముతారు. చిన్నాయన సలహాలతో సిద్ధంగా పోయాడు. ముజావర్ ఆయన్ను కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, "అన్నా, చూస్తాండు" అన్నాడు. గుజ్జు పూయడం, వేళ్ళతో సందుల్లో ఆడించడం, నలుపు కదలగానే నీళ్ళు కుమ్మరించడం, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడవడం. నానబెట్టడం లేదు, సోడా లేదు, ఉపన్యాసం లేదు. పులుపు కాస్త మిగిలినా, తడి మిగిలినా మళ్ళీ తొందరగా మచ్చ పడుతుంది గదా. టీ గ్లాసు చల్లారిపోయింది గానీ చిన్నాయన కళ్ళు తిప్పలేదు. ఇంటికొచ్చి మాత్రం, "వాళ్ళు నా పద్ధతే వాడుతాండారు" అన్నాడు.

వీధి పిల్లలకు ఆయనంటే ప్రాణం. తోమగా మిగిలిన పచ్చటి చింతపండు నీళ్ళను గాజుగ్లాసులో పోసి, గీకి శుభ్రం చేసిన ఇనుప మేకు వేస్తాడు. పిల్లలు చుట్టూ గొంతుక్కూర్చుంటారు. కాసేపటికి మేకు తీస్తే ఎర్రటి రాగిపూత. ఇత్తడి నుంచి కరిగిన రాగి ఇనుము మీదికి చేరిందని చెబుతాడు, ఆ చెప్పేది అచ్చంగా నిజం. ఆ మేకు ఎవరికి ఇస్తాడా అని పిల్లలు కొట్టుకుంటారు. ఒకటి నా దగ్గరా ఉంది, అడిగి తీసుకున్నాను. ఈమధ్య పెళ్ళిళ్ళలో నేను కూడా మంచినీళ్ళ చెంబు బోర్లించి చూస్తున్నానని మా ఇంట్లో ఫిర్యాదు. రక్తం గదా, యాడికి పోతుంది.

వచ్చే జాతరకు చిన్నాయన ఎమ్మిగనూరు వస్తున్నాడు. అక్కడి బంధువులకు నా మనవి. ముత్యాల దండలు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, ముత్యం పులుపుకు కరుగుతుంది. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు చేతికి తొడుక్కునే ఉండండి, నిద్రపోయేటప్పుడు కూడా. పేర్లు కొట్టించిన చెంబులుంటే పక్కింట్లో దాచండి. దేవుని గూట్లో నల్లటి కుందె ఒక్కటే ఆయన కంటికి కనబడేట్లు పెట్టండి, ఆ పొద్దు దానితో గడిచిపోతుంది. చారుకు పిసికిన పిప్పి ఒక గిన్నెలో ఎత్తిపెట్టి, కొత్త చింతపండు అయిపోయిందని చెప్పండి.