కుండలు బోర్లించి చూసేవాడి గోడు

ఎవరింటికైనా వెళ్తే మర్యాద తెలిసినవాళ్ళు ముందు ఇంట్లో పెద్దవాళ్ళని పలకరిస్తారు. నేను తిన్నగా షోకేసు దగ్గరికి పోయి, వాళ్ళ ఫ్లవర్‌వాజ్ ఎత్తి బోర్లించి, అడుగున ఏం ముద్ర ఉందో చూస్తాను. ఒకసారి అలా ఎత్తినదాంట్లో పూలున్నాయి. పూలున్నాయంటే నీళ్ళూ ఉంటాయి కదా! కిందనేమో వాళ్ళ కొత్త తివాచీ. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మమ్మల్ని భోజనానికి పిలవలేదు.

మస్కట్‌లో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళు బంగారం కొంటారు, లేదా ఊళ్ళో స్థలం కొంటారు. తెలివైనవాళ్ళు రెండూ కొంటారు. నేను మట్టిపాత్రలు కొన్నాను. స్థలమైనా మట్టే కదా అని మా ఆవిడతో వాదించాను. "దానికి రేటు పెరుగుతుంది. దీనిమీద దుమ్ము పెరుగుతుంది" అంది.

ఈ పిచ్చి నాకు జర్మనీ నుంచి సోకింది. ఉద్యోగం ముగిసి దేశం వదిలి వెళ్తున్న ఒక ఐరోపా కుటుంబం ఇంట్లో సామానంతా అమ్మేస్తుంటే, బట్టలుతికే మిషను కోసం వెళ్ళి వాజ్‌తో తిరిగొచ్చాను. 1960లు, 70లలో పశ్చిమ జర్మనీ ఫ్యాక్టరీలు ఊళ్ళకి ఊళ్ళు నింపేలా చేసి వదిలిన రకం అది. నారింజ రంగు మీద నల్లటి పొంగు. సేకరించేవాళ్ళు దాన్ని ముద్దుగా 'ఫ్యాట్ లావా' అంటారు. పైపూతలో సిలికాన్ కార్బైడ్ కలుపుతారు. బట్టీలో కాలేటప్పుడు వాయువు పుట్టి పూతంతా బుడగలు లేస్తుంది, చల్లారాక గుంటలు మిగిలిపోతాయి. ఇదంతా నేను ఊపిరి తిప్పుకోకుండా వివరిస్తే, అప్పుడే ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు ఓపిగ్గా విని, "అయితే దీనికి అమ్మవారు పోసింది కాదన్నమాట బాబూ" అన్నారు.

అత్తగారిని పక్కన పెట్టండి. దాని అడుగున 'డబ్ల్యూ. జర్మనీ' అని, పక్కనే 517–30 అని ఉంది. నేను ఆ అంకెల్ని అక్కడికక్కడే అర్థం చేసేసుకున్నాను. ప్రపంచం మొత్తానికి చేసినవి 517, అందులో నాది ముప్పైయ్యోది! మస్కట్‌లోని రువీలో ఏ విందు జరిగినా ఈ మాట ఎలాగోలా తెచ్చి కలిపేవాణ్ణి. క్రికెట్ గురించి మాట్లాడుతున్నా సరే, ముప్పై పరుగులనగానే నా ముప్పైయ్యో వాజ్ వచ్చేసేది. ఒకరోజు ఇంట్లో నలుగురి ముందూ ఇదే హరికథ నడుస్తుండగా మా అమ్మాయి స్కూలు స్కేలు తెచ్చి దాని పక్కన నిలబెట్టింది. స్కేలు, వాజ్ సరిసమానం. "నాన్నా, ముప్పై అంటే సెంటీమీటర్లు!" ఆ పిల్ల చెప్పిందే నిజం. షాయ్‌రిష్ అనే కంపెనీ పద్ధతి అది: మొదటి అంకె అచ్చు నంబరు, రెండోది ఎత్తు. దాని తోబుట్టువులు ఎన్ని వేల ఇళ్ళలో ఉన్నాయో ఆ భగవంతుడికే తెలియాలి.

అక్కడితో ఆగానా? మీరైతే ఆగేవారా? నిజం చెప్పండి, పరువు పోయిన చోటే దాన్ని తిరిగి సంపాదించాలని మనిషికి పంతం పుడుతుంది. ఫ్యాక్టరీ సరుకు మీద అసహ్యం ప్రకటించి, చేత్తో చేసే స్టూడియో పాటరీలోకి దిగాను. పెద్ద పెద్ద బొమ్మల పుస్తకాలు తెప్పించి, వచ్చినవాళ్ళకి కనపడేలా షోకేసు కింది అరలో పెట్టాను. వాటి వెనక అట్టల మీదున్నది బట్టీ పట్టాను. 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో బెర్నార్డ్ లీచ్, షోజీ హమాదా కలిసి పెట్టిన కార్ఖానా గురించి చెప్పేవాణ్ణి. 1938లో వియన్నా వదిలి లండన్ చేరిన లూసీ రీ, దుస్తులకి మట్టిగుండీలు చేసి పొట్ట పోసుకుందని, ఆ గుండీ నా చొక్కాకే ఉన్నట్టు చెప్పేవాణ్ణి. మన దేశమూ తక్కువ తినలేదంటూ 1971 నాటి పాండిచ్చేరి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీతో ముగించేవాణ్ణి.

ఒమన్ రియాల్‌కి ఒక సుగుణం ఉంది. దాంట్లో ఏ ధర చెప్పినా చిన్నగా వినపడుతుంది. "ఎంతకి కొన్నారు?" అంటే "పన్నెండే" అనేవాణ్ణి. రియాల్ రెండొందల రూపాయల పైమాట అని నేను మర్చిపోవచ్చు గానీ, ఆ ఎక్కం మా ఆవిడకి నిద్రలో కూడా వచ్చు.

ఇక అసలు కథ బహ్లాలో జరిగింది. నిజ్వా దాటి వెళ్ళాలి, మస్కట్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. తరతరాలుగా కుమ్మరం నడుస్తున్న ఊరు. జిన్నుల ఊరని కూడా ప్రతీతి. అక్కడ ఒక ముసలాయన దుకాణంలో పూత లేని గుండ్రటి కూజా కనపడింది. జహ్లా అంటారు. తాడు కట్టి నీడలో వేలాడదీస్తారు. నేను దాన్ని చూసి 'ఆహా, ఏం రూపం, ఏం సరళత' అనుకున్నాను. అది దేనికి పనికొస్తుందో అడగలేదు. కళాఖండాన్ని పట్టుకుని అలాంటి ప్రశ్న అడుగుతారా?

ఇంటికి తెచ్చి, అడుగు గుండ్రంగా ఉంది కాబట్టి కుదురు మీద కూర్చోబెట్టి, షోకేసు పైన పెట్టి, కంఠం దాకా నీళ్ళు పోసి, గులాబీలు గుచ్చి, ఫొటో తీసి, బంధువులందరికీ పంపి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి షోకేసు చెమ్మ, అర చెమ్మ, కింద అరలో నా బొమ్మల పుస్తకాలు ఉబ్బిపోయి ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. కుండకి బీట లేదు, చిల్లు లేదు, జిన్ను పనేనేమోనని ఒక్క క్షణం అనిపించింది గానీ చదువుకున్నవాణ్ణి కదా, మోసం అని తేల్చాను. ఆ శుక్రవారమే కారు తీశాను. రెండొందల కిలోమీటర్లూ తిట్లు సాధన చేసుకుంటూ వెళ్ళాను, కుండని ముసలాయన ముందు పెట్టాను, కారుతోందన్నాను, పరదేశం వాడినని పగిలింది అంటగట్టావన్నాను, డబ్బు వెనక్కిమ్మన్నాను.

ఆయన అంతా విన్నాడు. వచ్చీరాని హిందీలో అడిగాడు: "మీది ఏ దేశం?"

"ఇండియా."

"అక్కడ కుండలు లేవా?"

అంతే. నా నోరు పడిపోయింది. వేసవిలో మా తాతగారింటి వసారాలో ఇసక మీద కూర్చున్న కుండ కళ్ళముందు కదిలింది. పూత లేని మట్టిలోంచి నీరు సన్నగా ఊరాలి, ఊరింది ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోవాలి, అప్పుడే నీళ్ళు చల్లబడతాయి. కుండకి చెమట పట్టకపోతే కుమ్మరిని తిట్టేవాళ్ళం. గోదావరి పక్కన పుట్టి, ఆ కుండలో నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, కుండ చెమర్చిందని ఎడారి దేశంలో పోట్లాటకి దిగాను! ముసలాయన లేచి, నీడలో వేలాడుతున్న తన జహ్లాలోంచి ఒక గ్లాసు వంచి ఇచ్చాడు. తాగాను. సిగ్గుతో ఇంకో రెండు కూజాలు కొన్నాను.

ఊరు దాటుతుంటే బహ్లా కోట కనపడింది. ఒమన్ నుంచి యునెస్కో జాబితాకెక్కిన మొదటి కట్టడం, 1987లో. మరుసటేడే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు, మరమ్మతులు చేసి 2004లో గానీ బయటపడెయ్యలేదు. మట్టికోటకే అన్నేళ్ళు పడితే, నా మట్టిబుర్ర బాగుపడటానికి ఎన్నేళ్ళు కావాలో!

ఎందుకంటే, పనికొచ్చే పాత్రని పని మానిపించి అరలో కూర్చోబెట్టడం నాకింకా పోలేదు. మస్కట్‌లోని మత్రా బజార్‌లో కొన్న ధోఫార్ ధూపపాత్రలో సాంబ్రాణి వెయ్యనివ్వను, రంగులకి మసి పడుతుందని. పోనీ అరలో పెట్టాల్సినవైనా పెట్టానా? మా అమ్మమ్మ ఆవకాయ జాడీలు, ఉప్పుకీ పులుపుకీ చెక్కుచెదరని నిఖార్సైన స్టోన్‌వేర్, స్టీలు డబ్బాల కోసం వదిలించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అలాంటిదే రియాళ్ళిచ్చి కొంటాను.

ఈమధ్య ఒక కుటుంబం భోజనానికి వస్తూ పూలగుత్తి తెచ్చింది. ఇల్లంతా వాజ్‌లే, ఒక్కదాంట్లోనూ నీళ్ళు పొయ్యడానికి లేదు. కారేవి కొన్ని, ముట్టుకుంటే నేను అరిచేవి మిగిలినవి. మా ఆవిడ వంటింట్లోంచి స్టీలు చెంబు తెచ్చి పూలు పెట్టేసింది. వచ్చినావిడ చుట్టూ చూసి, "ఆ చెంబు భలే ఉందండీ, ఎక్కడిది?" అంది. సాయంత్రం నుంచీ నేను కాచుకు కూర్చున్న ప్రశ్న అది.

వాళ్ళు వెళ్ళాక చెంబు ఎత్తి చూశాను, ఈసారి నీళ్ళు ఒంపేశాకే లెండి. చుక్కల అక్షరాలతో ఇచ్చినాయన పేరు, ఇంటిపేరు, మా పెళ్ళి తేదీ. నా సేకరణ మొత్తంలో పేరూ ఏడాదీ అనుమానం లేకుండా రుజువైన పాత్ర అదొక్కటే! నడిమి అరలో జర్మనీదాన్ని పక్కకి జరిపి చోటు చేస్తుంటే మా ఆవిడ వచ్చి చెంబు లాక్కుపోయింది.

"పొద్దున్న పాలు దేంట్లో పొయ్యమంటారు?"