కొన్నవాడు డాలస్‌లో, ఉరికేవాడు దోహాలో

ఇల్లందు మనిషికి బండి మారడం ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడ బొగ్గుందని తేల్చాడు, 1889లో తవ్వకం మొదలైంది, ఆ బొగ్గును మోసుకుపోవడానికే పట్టాలు వచ్చాయి. అంటే ఈ ఊరికి రైలు వచ్చింది బొగ్గు కోసం. మనిషి సంగతి తర్వాత. ఇవాళ హైదరాబాదు రైలెక్కాలంటే ఖమ్మమో, డోర్నకల్లో, మహబూబాబాదో బస్సులో పోయి గోల్కొండనో శాతవాహననో అందుకోవాలి. గుండాల అడవుల్లోంచి బయల్దేరినవాడైతే ఇల్లందులో ఒకసారి, ఖమ్మంలో ఇంకోసారి దిగి ఎక్కుతాడు. తరాలుగా ఇలా దిగి ఎక్కి రాటుదేలిన జనానికి అమెరికా పోతూ దోహాలో విమానం మారడం ఒక లెక్కా అనిపించడం సహజం. సరిగ్గా ఆ అనుభవమే అక్కడ మన కొంప ముంచుతుంది. మనకు తెలిసిన బండ్లన్నీ మాట వినే బండ్లు. కదిలిన బస్సును వెనక నుంచి అరచేత్తో రెండు చరిస్తే ఆగుతుంది. “మా ఆయన సోడా తాగొస్తున్నాడు, ఒక్క నిమిషం” అంటే డ్రైవర్ విసుక్కుంటూనే బ్రేకు మీద కాలేస్తాడు. కిటికీలోంచి కర్చీఫు వేస్తే సీటు మనదైపోతుంది. విమానానికి తెరుచుకునే కిటికీ లేదు.

ఇల్లందు, టేకులపల్లి, కారేపల్లి ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో అమ్మానాన్నలు బయల్దేరతారు. ప్రయాణం వాళ్లది, టికెట్ మాత్రం కొనేది డాలస్‌లో ఉన్న అబ్బాయి. రాత్రి పన్నెండింటికి కంప్యూటర్ ముందు కూర్చుని, చవకైనవీ త్వరగా చేరేవీ పైన కనపడేట్టు పేర్చుకుని, మొదటి వరసలోనిది నొక్కుతాడు. పొద్దున్నే ఫోను: “అమ్మా, దోహాలో గంటా ఇరవై నిమిషాలుంది, సరిపోద్దిలే.” ఇంతకీ నేను చెప్పేదేమంటే, ఇరుకు కనెక్షన్ దొరకడమా పోవడమా అన్నది విమానాశ్రయంలో కాళ్ల మీద తేలే వ్యవహారం కాదు. ఆ రాత్రి పన్నెండింటికే తేలిపోయింది. విమానాశ్రయంలో ఉరుకుడంటే, కొన్నవాడు చేసిన పొదుపుకు ఎక్కినవాడు కట్టే వడ్డీ.

ఆ గంటా ఇరవైని విప్పి చూద్దాం. ఎనభై నిమిషాలు. చివరి నుంచి కోసుకుంటూ వస్తే, విమానం బయల్దేరే వేళకు గేటు మూయరు, దాదాపు ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. మిగిలింది అరవై. ఇక టైంటేబుల్లో వేసిన రాక వేళ విమానం వచ్చి ఆగే వేళ, మనం కాలు బయట పెట్టే వేళ కాదు. ఒక్కోసారి గేటు ఖాళీ లేక దూరంగా మైదానంలో ఆపి, మెట్లు తగిలించి, కిందికి దింపి బస్సెక్కిస్తారు. ఆ బస్సు చివరి మనిషి ఎక్కేదాకా కదలదు. ఆగమని ఎవరూ అడగనిచోట మాత్రం బస్సు ఆగుతుంది! చక్రాలు నేలను తాకీ తాకకముందే మనవాళ్లు లేచి, పై అరలోంచి సంచులు దింపి, మెడలు వంచుకుని నడవలో నిలబడతారు గానీ, నిలబడినంత మాత్రాన ముందున్న ముప్పై తొమ్మిది వరసలు ఆవిరైపోవు. నలభయ్యో వరస మనిషి బయటపడేసరికి ఇరవై నిమిషాలు పోయాయనుకుందాం. మిగిలింది నలభై. అప్పుడొస్తుంది భద్రతా తనిఖీ. ఒకసారి శంషాబాదులో చేశారు కదా అంటే కుదరదు, విమానం మారేవాళ్లకు మళ్లీ చేస్తారు. బెల్టు, గడియారం, ఫోను, చిల్లర ప్లాస్టిక్ పళ్లెంలోకి. గాజులు రావు. పిన్నీసు ఎక్కడుందో గుర్తుండదు. చేతిసంచి అడుగున కొంగుతో చుట్టినట్టు చుట్టిన గోంగూర పచ్చడి సీసా ఉంటుంది. 2006లో లండన్‌లో ద్రవరూప పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డప్పటి నుంచి చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లు దాటిన ద్రవం గానీ ముద్ద లాంటిది గానీ ఉండకూడదన్న నియమం చాలా దేశాలకు పాకింది. పెరుగన్నం, పచ్చడి, నెయ్యి అన్నీ దానికింద ద్రవాలే. పైన నూనె తేలుతున్న సీసాను చెత్తబుట్టలో వేస్తుంటే ఆ తల్లి చేసే వాదనకు ఎన్ని నిమిషాలు పడతాయో ఏ సంస్థా లెక్క కట్టలేదు. ఆ తర్వాత గేటు వెతుక్కోవడం, లోపలి రైలెక్కడం, పైగా అమెరికా విమానమైతే గేటు దగ్గర ఇంకో తనిఖీ. ఖమ్మం బస్టాండులోలాగా ఇల్లందు బస్సు ఫలానా ప్లాట్‌ఫాం మీదుందని మైకు చెప్పదు. చాలా విమానాశ్రయాల్లో కేకలు మానేశారు. గేటు నంబరు తెర మీద మారిపోతుంది, ఎవరికీ చెప్పకుండా.

“అంత కష్టమైతే విమాన సంస్థే అమ్మదు కదా?” అని అబ్బాయి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ వ్యవధి అని ఒకటుంటుంది, అంతకంటే తక్కువ వ్యవధితో రెండు విమానాలను కలిపి అమ్మరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది 45 నిమిషాలు. వియన్నావాళ్లయితే 25 నిమిషాలు చాలని గొప్పగా ప్రచారం చేసుకున్నారు. అయితే ఆ అంకె అమ్మకానికి గీసిన హద్దు, మనిషికి ఇచ్చిన మాట కాదు. విమానం వేళకొచ్చి, గేటు దొరికి, దిగినవాడు బోర్డులు చదువుకుంటూ చకచకా నడిచిపోతే సరిపోతుందని దాని అర్థం. మోకాళ్లకు కొబ్బరినూనె రాసుకుని బయల్దేరిన పెద్దావిడను చూసి కట్టిన లెక్క కాదది. పైగా గల్ఫ్ సంస్థల వ్యాపారమంతా ఈ ఇరుకులోనే ఉంది. హైదరాబాదు, కొచ్చి, ఢాకా, కొలంబో విమానాలు గుంపుగా వచ్చి వాలతాయి, కొద్ది గంటల్లోనే యూరప్‌కు, అమెరికాకు గుంపుగా లేస్తాయి. ఆ మధ్య ఖాళీ ఎంత తగ్గితే మొత్తం ప్రయాణం అంత పొట్టిగా కనపడుతుంది, అబ్బాయి తెర మీద అంత పైకి వస్తుంది. కనెక్షన్ పోతే, సంస్థకు పోయేది రేపటి విమానంలో ఒక సీటు. మనకు పోయేది ఒక రాత్రి. ఆ రెండూ ఒకే తక్కెడలో తూగవు.

ఇంకో ధీమా ఉంది, ఇది పెద్దవాళ్లది: “మన పెట్టెలు లోపలున్నయి గదా, మనల్ని వదిలేసి ఎట్ల పోతరు?” దీని వెనక నిజంగానే ఒక నియమం ఉంది, అదీ కనెక్షన్‌లోంచి పుట్టిందే. 1985 జూన్ 23న ఎయిరిండియా విమానం కనిష్క అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. వాంకూవర్‌లో పెట్టె అప్పగించినవాడు విమానమే ఎక్కలేదు, పెట్టె మాత్రం టొరంటోలో మారి కనిష్కలోకి చేరింది. అప్పటి నుంచి మనిషి లేని పెట్టెను అంతర్జాతీయ విమానంలో పోనివ్వరాదన్నది గట్టి నియమమైంది. ఎక్కని మనిషి పెట్టెను వెతికి దింపడానికి విమానం ఆలస్యమైన సందర్భాలు లేకపోలేదు. కానీ కనెక్షన్‌లో వచ్చేవాళ్లకు ఈ ధీమా పనికిరాదు. మొదటి విమానం ఆలస్యమైతే మన పెట్టె కూడా మనతోపాటే ఆలస్యంగా దిగుతుంది, రెండో విమానంలోకి ఇంకా ఎక్కనే లేదు. మనం గాలిలో ఉండగానే అక్కడి కంప్యూటర్ వీళ్లు అందుకోలేరని తేల్చి, మర్నాటి విమానంలోకి మార్చి, సీటు ఇంకొకరికి ఇచ్చేసి ఉండొచ్చు. మనం ఆయాసపడుతూ గేటు దాకా పోయేది ఆ కబురు స్వయంగా వినడానికే.

అన్నింటికీ మందు చక్రాల కుర్చీ అని మన ఇళ్లలో స్థిరపడిపోయింది. భారతదేశం నుంచి అమెరికా పోయే విమానం ముందు బారులు తీరిన చక్రాల కుర్చీలను చూసి నవ్వేవాళ్లున్నారు. ఎక్కేటప్పుడు కుర్చీలో, దిగేటప్పుడు నడిచి, ఇదేం మహిమ అని వెటకారం. నేను నవ్వను. ఆ కుర్చీ సగంమందికి కాళ్ల కోసం కాదు, నోటి కోసం. ఇంగ్లీషు రాని మనిషిని గేటు దాకా చేయిపట్టి తీసుకుపోయే సేవ ఇంకోటి అందుబాటులో ఉందని తెలియక, తెలిసినదాన్ని అడుగుతారు. విమానసంస్థల భాషలో డబ్ల్యూసీహెచ్ఆర్ అని ఒక గుర్తుంది: మెట్లు ఎక్కగలడు, దూరం నడవలేడు అని. ఇల్లందు నుంచి దోహా గేటు దాకా చూసుకుంటే అందులో అబద్ధమేమీ లేదు. అసలు చిక్కు మరొకచోట ఉంది. కుర్చీ అడిగినవాళ్లు మామూలుగా విమానంలోంచి ఆఖరున దిగుతారు. దిగాక కుర్చీ వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాత ఒక గదిలో పదిమందిని పోగేసి, ఒకే బ్యాటరీ బండిలో ఒక్కొక్కరినీ ఒక్కో గేటు దగ్గర దింపుతారు. తోసేవాడికి మన గేటు ఒక్కటే కాదు, అందరి గేట్లూ గుర్తుండాలి. నాలుగు గంటల వ్యవధి ఉన్నవాడికి ఇది రాజభోగం. ఎనభై నిమిషాలవాడు మాత్రం కుర్చీ చేతులు బిగించి పట్టుకుని, లేచి పరిగెత్తనూ లేక, కూర్చోనూ లేక అవస్థ పడతాడు. అంటే ఇరుకు కనెక్షన్‌కు కుర్చీ విరుగుడు కాదు. కుర్చీ అడుగుతున్నామంటేనే ఇరుకు టికెట్ కొనకూడదని అర్థం.

ఒకే గంటన్నర అన్నిచోట్లా ఒకటి కాదన్నది టికెట్ కొనే కుర్రాళ్లు పట్టించుకోరు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ వరసలో నిలబడాలి, పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించి, మళ్లీ తనిఖీకి పోవాలి. కాబట్టి షికాగోలో దిగి డాలస్‌కు మారడానికి గంటన్నర అంటే, దోహాలోని గంటన్నరలో సగం కూడా కాదు. అబుదాబిలో 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే ముగించేస్తున్నారు, అందువల్ల అమెరికాలో దిగాక హాయి. కానీ ఆ వరస అబుదాబి వ్యవధిలోంచే మింగుతుంది. ఇంకా ముఖ్యమైనది, పోయిన విమానం తర్వాత మళ్లీ విమానం ఎప్పుడన్నది. యూరప్‌లో ఊరికీ ఊరికీ మధ్య గంటకో రెండు గంటలకో ఇంకోటి ఉంటుంది, పోతే కాఫీ తాగి తర్వాతది ఎక్కొచ్చు. గల్ఫ్ నుంచి డాలస్‌కు ఒక సంస్థ నడిపేది రోజుకు ఒకటో రెండో. నేరుగా పోయే విమానం ఉంటే ఈ గొడవే లేదు. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి షికాగోకు ఎయిరిండియా అలాంటిది మొదలుపెట్టింది గానీ, అది ఎంతోకాలం నిలవలేదు.

డబ్బు తక్కువని రెండు వేర్వేరు టికెట్లు కొని అతికించే మహానుభావులూ ఉన్నారు. వాళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యానికి సంస్థ బాధ్యత పడుతుంది, తర్వాతి విమానంలో కూర్చోబెడుతుంది. రెండు టికెట్లయితే రెండోవాడికి మనం రాలేదన్నదొక్కటే తెలుసు. మన రైల్వే సైతం 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్ఆర్‌లను జతచేసుకోనిస్తోంది, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పితే ఆ రెండో టికెట్ డబ్బు వాపసు ఇస్తుంది. డోర్నకల్లో దొరికే ఆ మర్యాదను అబ్బాయి విమానంలో చేజేతులా వదులుకుంటాడు.

“అట్లాగని ముసలివాళ్లను గంటల తరబడి బెంచీల మీద కూర్చోబెట్టమంటావా?” అన్నది అన్నింట్లోకీ బరువైన అభ్యంతరం. ఎనిమిది, పది గంటలైతే నిజంగానే హింస, కాళ్లు వాస్తాయి, మందుల వేళలు తప్పుతాయి. ఇరవై అయిదేళ్ల కుర్రాడు ఒక్క భుజం సంచితో ముందు వరసలో కూర్చుని గంటలో మారతానంటే నాకేమీ పేచీ లేదు, వాడి కాళ్లు, వాడి పందెం. పెద్దవాళ్లకు మూడు, నాలుగు గంటలు చాలు. గంట ఆలస్యాన్ని అది మింగేస్తుంది, కుర్చీ నింపాదిగా వస్తుంది, బాత్రూంకు పోవచ్చు, మాత్ర వేసుకోవచ్చు, ఇంట్లో కట్టిన పులిహోర పొట్లం విప్పొచ్చు. అప్పటికీ టైం మిగిలితే, దోహాలో దుకాణాల నడిమధ్య దీపం తలలో గుచ్చుకుని కూర్చున్న పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఒకటుంది. ఉర్స్ ఫిషర్ అనే స్విస్ కళాకారుడు చేసింది, ఏడు మీటర్ల ఎత్తు, 2011 వేలంలో 68 లక్షల డాలర్లు పలికింది. అడవి అంచున పుట్టి అసలు ఎలుగుబంట్ల కథలు వింటూ పెరిగిన మనిషి దానికింద నిలబడి దిగిన ఫొటో, విమానం డాలస్‌లో దిగకముందే ఇల్లందు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. అబ్బాయి మిగిల్చిన డబ్బుకు ఆ యోగం లేదు, దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయలేడు.