అప్‌డేట్ బెడద లేకుండా సర్వర్ నడపడం ఎలా?

క్రోసూరులో ఇంటి నుంచే ఎక్కడో ఉన్న సర్వర్లను ఏలుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా హితబోధ. దూరపు సర్వర్లలోకి లాగిన్ అయ్యేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు కొత్త వెర్షన్ వచ్చిందంటూ ఎవరైనా మెయిల్ పెడితే ముందు ఆ మెయిల్ చెరిపేయండి. నడుస్తున్న బండిని ఆపి మరీ బాగుచేస్తారా ఎవరైనా?

అసలు ఈ గొడవంతా 1995లో మొదలైంది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు కాజేశారని తాతూ ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చారు. అప్పట్నుంచి వాళ్లకూ నిద్ర లేదు, మనకూ లేదు.

2024 జూలై 1న 9.8 వెర్షన్ వదిలారు. ఎందుకయ్యా అంటే, రెండు నిమిషాల్లో లాగిన్ కానివాణ్ని సర్వర్ బయటికి గెంటే క్షణంలో ఒక సందుందట. దాన్ని పట్టుకుంటే పాస్‌వర్డ్ లేకుండానే రూట్, అంటే సర్వర్‌కు సర్వాధికారి, అయిపోవచ్చట. 2006లో పూడ్చిన గొయ్యే 2020లో మళ్లీ తవ్వుకున్నారు! కనిపెట్టినవాళ్లు 32 బిట్ల లినక్స్ మీద చేసి చూస్తే సగటున పదివేల ప్రయత్నాలు పట్టాయి. అన్నిసార్లు తలుపు కొట్టే ఓపిక ఏ దొంగకుంటుంది చెప్పండి? ప్రోగ్రాముకు ఉంటుందంటారా, అది వేరే సంగతి.

అయినా మీ టీమ్ లీడ్ వినకపోతే ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ కథ చెప్పండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి దొంగదారి బయటపడింది. అంటే ఎగబడి కొత్తది వేసుకున్నవాళ్లకే ముప్పు. ఈ ఒక్క ముక్క పట్టుకుని పదేళ్లపాటు ఏ అప్‌డేటూ వేయకుండా గడిపేయొచ్చు. ఆ దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎలా పట్టాడో మాత్రం చెప్పకండి. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీశాడాయన. మీరలాంటి పనులు పెట్టుకోకండి. క్రోసూరులో అర సెకను ఆలస్యమైతే నెట్ స్లో అనుకోవాలి, అంతే.

సర్వర్‌లోకి లాగిన్ అయ్యే రహస్య కీని టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. రేపు ఉద్యోగం మానేసినవాడికి కూడా అందుబాటులో ఉంటుంది. సర్వర్ గుర్తింపు మారిందని పెద్దక్షరాల్లో హెచ్చరిక వస్తే చదవకుండా పాత గుర్తింపు తీసేసి, 'ఎస్' కొట్టి లోపలికి వెళ్లండి.

ఎప్పుడైనా అప్‌డేట్ తప్పకపోతే వేసవి మధ్యాహ్నం కరెంటు పోయే వేళకే ముహూర్తం పెట్టండి. లైను తెగినా సెషన్‌ను నిలబెట్టే టీమక్స్ తెరవకండి. సెట్టింగుల ఫైల్‌లో నాలుగు లైన్లు మార్చి, సరిచూడకుండా రీస్టార్ట్ కొట్టి, ఉన్న ఒక్క సెషన్‌నూ మూసేయండి. ఇక ఆ సర్వర్‌లోకి దొంగ రాలేడు, మీరూ రాలేరు.

ఏదైనా జరిగితే సర్వర్ లాగ్‌లు చెరిపేయండి. 180 రోజులు దాచాలనీ, ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. ఆదేశాలు ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉంటారు.

ఇన్ని చెప్పినా వినక అప్‌డేట్ చేసి తీరతానంటే మీ ఇష్టం. మార్చిన ఫైల్‌ను ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ అనే ఆదేశంతో సరిచూసుకోండి. రెండో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూశాకే పాత సెషన్ మూయండి.